దారి మాఱిన ధమని

ఉద్దానమున వ్యాధి యనఁగానే మూత్రపిండముల మాట మనస్సునకు వచ్చును. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతముల గ్రామములలో 1990 దశకమునుండియు ఆ జబ్బు గుఱించి వినని యిల్లు లేదు. నేఁడు నేను చెప్పఁబోవునది మఱియొక యవయవమును గుఱించి. అది కాలేయము. పల్లెలలో కార్జమని వాడుక. దానికి క్యాన్సరు సోఁకినపుడు వైద్యుఁడు తెలిసికొనఁగోరు సంగతులలో ముఖ్యమైనది, ఆ కణితికి నెత్తురు ఏ దారిని వచ్చుచున్నదను విషయము. ఆ దారి అందఱిలోను ఒక్క తీరుగా నుండదు. కొందఱిలో అది వేఱొక చోట పుట్టి, వేఱొక త్రోవను నడచి, కాలేయమును చేరును.

ఇది వైద్యులు చూచుకొనవలసిన విషయము గదా, మాకేల యని మీరడుగవచ్చును. ఇంటిలో నొకనికి పెద్దజబ్బు చేసినపుడు పట్నమునకు తీసికొనిపోవలెనా, రెండవమాఱు స్కాను తీయింపవలెనా, సొమ్ము ఎక్కడినుండి తేవలెనా యని నిర్ణయించువారు మీరే. కారణము తెలియనిచో రెండవ పరీక్ష దండుగ యనిపించును. తెలిసినచో అది ప్రాణరక్షణలో నొక భాగమని తోఁచును. అదియుఁగాక ఉద్దానమువారికి ఈ విషయమున ప్రత్యేకముగా నొక జాగ్రత్త కలదు. దానిని ముందు చెప్పెదను.

మొదట కాలేయపు నీటిపాఱుదల యెట్టిదో చూతము. కాలేయము కుడివైపున ప్రక్కటెముకల చాటున నుండును. పెద్దవారిలో దాని తూకము సుమారు ఒకటిన్నర కిలోగ్రాములు. శరీరములోని తక్కిన యవయవములకు సాధారణముగా ధమనులద్వారానే నెత్తురు వచ్చును. కాలేయమునకట్లు గాదు. అది రెండు కాలువల క్రిందనున్న పొలము వంటిది. మొదటిది నిర్వాహక సిర. ప్రేగులనుండియు, ప్లీహమునుండియు, అన్నసారముతోఁ గూడిన నెత్తురును అది కాలేయమునకు చేర్చును. కాలేయమునకు వచ్చు నెత్తురులో నాలుగింట మూఁడుపాళ్లు ఈ సిరద్వారానే వచ్చును. రెండవది కాలేయ ధమని. గుండెనుండి వచ్చు ప్రాణవాయువుతో నిండిన నెత్తురును అది తెచ్చును. పరిమాణమున అది నాలుగింట నొక పాలు మాత్రమే.

కాలేయమున పుట్టిన క్యాన్సరు కణితి ఈ రెండు కాలువలను సమముగా వాడుకొనదు. అది తనకు కావలసిన నెత్తురును దాదాపుగా నంతయు ధమనినుండియే లాగికొనును. అమెరికాలో బ్రీడిస్, యంగ్ అను నిద్దఱు పరిశోధకులు కాలేయపు కణితులకు నెత్తురు వచ్చు తీరును పరిశీలించి, ఈ సంగతిని 1954లో ప్రకటించిరి. దీనినుండి యొక చికిత్స పుట్టినది. కలుపుమొక్క చిన్నకాలువ నీటినే త్రాగుచున్నది. పైరు పెద్దకాలువ నీటితో బ్రతుకఁగలదు. అట్టియెడ చిన్నకాలువలో ఆ కలుపునకు పోవు పిల్లకాలువను మూసినచో కలుపు ఎండును, పైరు నిలుచును. చికిత్స యొక్క మూలసూత్రమింతియే.

ఆసుపత్రులలో దీనిని టేస్ అని పిలుతురు. తొడమొదటనో మణికట్టువద్దనో ధమనిలోనికి సూదితో చొచ్చి, దానిగుండ సన్నని గొట్టమును పంపుదురు. ధమనిని కోసి తెఱవక యిట్లు గొట్టమును పంపు పద్ధతిని స్వీడను దేశపు వైద్యుఁడు సెల్డింగరు 1953లో ప్రకటించెను. ఎక్సురే తెరమీఁద చూచుచు ఆ గొట్టమును కణితికి పోవు కొమ్మవఱకు నడపి, క్యాన్సరు మందును అచట విడిచి, పిమ్మట ఆ కొమ్మను మూసివేయుదురు. మందును తఱచుగా అయోడిను చేర్చిన గసగసాల నూనెలో కలుపుదురు. ఆ నూనె కణితిలో నిలిచి మందును పట్టియుంచును. ఫ్రాన్సు దేశమున 1974లో కాలేయ ధమనిని మూయు చికిత్స ప్రకటింపఁబడెను. జపానులో యమాదా యను వైద్యుఁడును, అతని తోడివారును 1970 దశకపు చివర దానికి మందును జతచేసి వ్యాప్తికి తెచ్చిరి. 2002లో బార్సిలోనా, హాంగ్‌కాంగ్ నగరములనుండి వెలువడిన రెండు పరిశోధనలు, తగిన రోగులను ఎంచి చేసినచో దీనివలన ఆయువు పెరుగునని చూపినవి.

తగిన రోగులను అను మాటను మీరు గుర్తుంచుకొనవలెను. కణితి చిన్నదై, కాలేయము గట్టిగా నున్నపుడు శస్త్రముతో తీసివేయుటయో, సూదితో కాల్చివేయుటయో, కొందఱిలో కాలేయమునే మార్చుటయో వ్యాధిని కుదుర్చు మార్గములు. టేస్ సాధారణముగా వ్యాధిని వెనుకకు నెట్టి ఆయువును పొడిగించును. కామెర ముదిరినవారికిని, కడుపునిండ నీరు చేరినవారికిని ఇది పనికిరాదు. నిర్వాహక సిరయే మూసికొనిపోయినవారిలో ధమనిని గూడ మూసినచో పైరునకు రెండు కాలువలును ఎండినట్లగును. అందుచేత వైద్యుఁడు వలదన్నపుడు బలవంతపెట్టరాదు.

ఇఁక అసలు సంగతికి వత్తము. వైద్యగ్రంథములలో చిత్రించిన కాలేయ ధమని యిట్లుండును. గుండెనుండి క్రిందికి దిగు బృహద్ధమని కడుపుపైభాగమున పొట్టి బోదెవంటి యొక కొమ్మను వేయును. ఆ బోదెనుండి జీర్ణాశయమునకొకటి, ప్లీహమునకొకటి, కాలేయమునకొకటిగా మూఁడు శాఖలు చీలును. కాలేయమునకు పోవు శాఖ మరల కుడి, యెడమ కొమ్మలై యిరుభాగములను తడుపును. దీనికి కొంచెము దిగువగా బృహద్ధమనినుండి మఱియొక పెద్దకొమ్మ పుట్టి ప్రేగులకు పోవును.

గ్రంథములోని యీ చిత్రము ఎందఱి శరీరములలో కనఁబడును? అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమున శరీరశాస్త్రజ్ఞుఁడు నికొలస్ మిఖెల్సు 200 మృతదేహములను ఓపికతో శోధించి 1955లో తన గ్రంథమును ప్రకటించెను. గ్రంథములలోని యథావిధి చిత్రము అతనికి కనఁబడినది నూటికి సుమారు 55 మందిలో మాత్రమే. అతఁడు ఆ భేదములను పది తెగలుగా విభజించెను. నేఁటికిని వైద్యులు ఆ తెగల సంఖ్యలనే వాడుచున్నారు. తరువాత లాస్ ఏంజిలీసు నగరమున, కాలేయ మార్పిడి కొఱకు దానముగా వచ్చిన 1,000 కాలేయములను పరిశీలించి హయాట్ అను శస్త్రవైద్యుఁడును, అతని తోడివారును 1994లో మఱియొక లెక్క వెల్లడించిరి. ఆ వేయింటిలో 757 యథావిధిగా నుండెను. 106 కాలేయములలో కుడిభాగపు ధమని ప్రేగుల ధమనినుండి పుట్టెను. 97టిలో ఎడమభాగపు ధమని జీర్ణాశయపు ధమనినుండి పుట్టెను. 23టిలో ఈ రెండు భేదములును కలసియుండెను. 15టిలో కాలేయ ధమని యంతయు ప్రేగుల ధమనినుండియే వచ్చెను. రెండింటిలో అది నేరుగా బృహద్ధమనినుండియే పుట్టెను.

అనఁగా ఆ లెక్క ప్రకారము నలుగురిలో నొక్కనికి దారి వేఱు. నలుగురిలో నొక్కనికి కలుగునది వింత యనఁదగదు. వ్యాధి యసలే కాదు. ఈ భేదము తల్లిగర్భముననే కలుగును. పిండదశలో బృహద్ధమనినుండి కడుపువైపునకు మెట్లవలె వరుసగా పలుకొమ్మలుండును. వానిని నిలువుగా కలుపు నొక నాళము గూడ నుండును. శిశువు పెరిగినకొలఁది ఆ కొమ్మలలో కొన్ని యెండిపోవును, కొన్ని నిలిచి పెద్దవగును. ఏది యెండినది, ఏది నిలిచినది యనుదానినిబట్టి తుదకు కాలేయమునకు దారి యేర్పడును. వియన్నా నగరపు టాండ్లరు 1904లో ఈ వివరణమును ప్రకటించెను. వానకాలమున కొండవాలున పాఱిన పది వాఁగులలో ఏటి కొకటి నిలిచినట్లు, ఒక్కొక్క శరీరమున నొక్కొక్కటి నిలుచును. వానితో మనుష్యుఁడు నూఱేండ్లు సుఖముగా బ్రతుకవచ్చును. తన ధమని దారిమాఱినదని చాలమందికి జీవితాంతము తెలియనే తెలియదు. కావున రిపోర్టులో అసాధారణ ధమని యని వ్రాసినచో, అది క్రొత్త రోగమని దిగులుపడవలదు. తాతతండ్రుల దోషమనియు నెవ్వరినీ నిందింపవలదు.

హాని లేని యీ భేదము క్యాన్సరు చికిత్స వచ్చువేళకు ముఖ్యమైపోవును. ఒక యుదాహరణము నూహించుకొందము. వజ్రపుకొత్తూరు వైపున అఱువదేండ్ల జీడితోట రైతొకఁడు కలఁడనుకొందము. అతని కాలేయపు కుడిభాగమున కణితి కనఁబడినది. కోఁత వీలుగాదనియు, టేస్ చేయవచ్చుననియు వైద్యులు నిర్ణయించిరి. గొట్టమును పైనున్న బోదెలోనికి పంపి రంగుమందు ఎక్కించిరి. తెరమీఁద కాలేయపు ఎడమభాగము వెలిఁగినది గాని, కుడిభాగమున చాలమేర ఖాళీగానే యున్నది. కణితి జాడ లేదు. తెలియనివారు కణితికి నెత్తురే లేదనుకొందురు. తెలిసినవారు ప్రేగుల ధమనిని వెదకుదురు. అందుండి పుట్టిన కుడి కొమ్మ అచట దొరకును. కణితి దానితో వెలుఁగును. ఆ కొమ్మను గుర్తింపక ఎడమభాగమునకు మందు పోసి పంపినచో, మంచిభాగమునకు మందు తగిలినది, కణితి తన నీటిని తాను త్రాగుచునే యున్నది. రైతునకు జ్వరము, నొప్పి, ఖర్చు మిగులును, ఫలము శూన్యము.

ఎడమ ధమని జీర్ణాశయపు ధమనినుండి పుట్టినపుడు ప్రమాదము మఱియొక తీరున వచ్చును. ఆ ధమని జీర్ణాశయమునకును కొమ్మల నిచ్చును. గొట్టమును ఆ కొమ్మలు దాటించి లోనికి నడపక మందు విడిచినచో, అది జీర్ణాశయపు గోడలోనికి పోయి పుండ్లు కలిగించును. పిత్తాశయమునకు పోవు సన్నని ధమనియు సాధారణముగా కుడి కొమ్మనుండియే చీలును. దానిని గూడ కాచుకొనవలెను. ఒక మడుగునకు పెట్టిన మందు ప్రక్కమడుగునకు పాఱకుండ రైతు గట్టుకట్టునట్లే, వైద్యుఁడు ప్రతి కొమ్మను చూచి, గొట్టపుకొన యెచట నిలుపవలెనో నిర్ణయించును.

ఇంకొక చిక్కు గలదు. పెద్దదై కాలేయపు అంచును తాఁకిన కణితి, కాలేయ ధమనితో తృప్తిపడక ఇరుగుపొరుగులనుండి గూడ నెత్తురు లాగికొనును. గుండెకును కడుపునకును నడుమనున్న తెరకు పోవు కుడిధమని ఇందులో తఱచుగా చిక్కును. ఎదగోడకు పోవు ధమనులును అపుడపుడు చిక్కును. ఒకమాఱు చికిత్స చేసి కాలేయ ధమనిని మూసినతరువాత ఈ దొంగకాలువలు మఱింత యేర్పడవచ్చును. రెండవమాఱు, మూఁడవమాఱు చికిత్సకు పోయినపుడు మరల దారులు వెదకుట అందుచేతనే.

శస్త్రచికిత్సయందును ఈ జ్ఞానము కావలెను. ప్రేగుల ధమనినుండి పుట్టిన కుడికొమ్మ సాధారణముగా నిర్వాహక సిర వెనుకనుండి, క్లోమగ్రంథి తల సమీపమున నడచి కాలేయమును చేరును. ఆ త్రోవ ముందుగా తెలియనిచో క్లోమమునకో కాలేయమునకో చేయు కోఁతలో కత్తి దానికి తగులవచ్చును. తెలిసియున్నచో అదే కొమ్మను కాపాడుకొనుచు పని సాగింతురు.

ఈ పటము చికిత్సకు ముందే యెట్లు తెలియును? ధమనులు నిండిన క్షణమున తీయు సీటీ స్కాను దానికి సాధనము. నరమునందు రంగుమందు ఎక్కించి, ధమనులలో నెత్తురు నిండినపుడొకమాఱును, సిరలలో నిండినపుడు మఱియొకమాఱును చిత్రములు తీయుదురు. ఊరిలో తీయించిన మామూలు అల్ట్రాసౌండు పరీక్ష కణితి యున్నదని చెప్పఁగలదు గాని, ధమనుల పుట్టుకను ఇంత స్పష్టముగా చూపలేదు. రంగుమందు లేక తీసిన సీటీయును చూపలేదు. పట్నపు వైద్యుఁడు మరల స్కాను తీయవలెనని యనుటకు తఱచుగా నిదియే కారణము. పాత స్కాను సరియైన తీరున తీసినదైనచో అదే చాలవచ్చును. అందుకొఱకు రిపోర్టు కాగితమొక్కటియే కాక, చిత్రములున్న డిస్కును గూడ తీసికొనిపోవలెను. కాగితమున వ్రాయని కొమ్మ చిత్రమున నుండవచ్చును.

ఇపుడు ఉద్దానమువారికి ప్రత్యేకముగా చెప్పెదనన్న మాట. సీటీ స్కానునందును, టేస్ చికిత్సయందును ఎక్కించు రంగుమందు మూత్రపిండములద్వారా బయటికి పోవలెను. మూత్రపిండములు బాగుగా నున్నవారికి దానివలన ప్రమాదము స్వల్పము. అవి యంతకుముందే చాలవఱకు దెబ్బతిన్నవారిలో ఆ ప్రమాదము పెరుగును. దారిమాఱిన ధమనిని వెదకుటకు ఒక్కొక్కపుడు రంగుమందు ఎక్కువగా కావలసివచ్చును. ఉద్దానమున మూత్రపిండముల జబ్బు చాలకాలము లక్షణములు లేకయే పెరుగును. దానికి కారణమింతవఱకును నిశ్చయముగా తేలలేదు. ఈ రెండును ఒక్క మనుష్యునిలో కలసినపుడు, కాలేయమునకు చేయు మేలు మూత్రపిండములకు కీడు కారాదు.

కావున రోగి తాను ఉద్దానమువాఁడనని వైద్యునితో మొదటనే చెప్పవలెను. ఇంటిలో నెవ్వరికైన డయాలిసిస్ జరుగుచున్నచో అదియును చెప్పవలెను. రంగుమందు ఎక్కించుటకు ముందు నెత్తురులో క్రియాటినిన్ పరీక్ష చేయించినారా యని పెద్దలు అడుగవలెను. నొప్పులకై దుకాణములో కొని మ్రింగు మాత్రలు మూత్రపిండములకు చెఱుపు; వానిని మానిపింపవలెను. చక్కెరవ్యాధికి మెట్‌ఫార్మిన్ వాడుచున్నవారు ఆ సంగతి చెప్పి, ఆపవలెనా కూడదా యని తెలిసికొనవలెను. మూత్రపిండములు బలహీనముగా నున్నవని తెలిసినపుడు వైద్యులు ముందుగా సెలైను ఎక్కింతురు, రంగుమందును తగ్గింతురు. కొన్నిచోట్ల దానికి బదులుగా బొగ్గుపులుసు వాయువును ధమనిలోనికి పంపి చిత్రము తీయు పద్ధతియు కలదు. మంచి సీటీ పటము ముందే చేతనున్నచో, గొట్టము పంపినపుడు వెదకులాట తగ్గును. రంగుమందు ఖర్చు తగ్గును. ఇట్లు ఒక మంచి స్కాను కాలేయమునకును, మూత్రపిండములకును గూడ మేలు చేయును. భయపడి స్కానునే మానుకొనుట మాత్రము మంచిది గాదు.

సాయమెక్కడ దొరకును? పలాసలో 2023 డిసెంబరున మూత్రపిండముల పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభమైనవి. మూత్రపిండముల బలము తెలిసికొనుటకు అది చేరువ. విశాఖపట్టణమున 1923లో నెలకొన్న కింగ్ జార్జి ఆసుపత్రియు, అగనంపూడివద్ద టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రియు కలవు. పేదలకు పెద్దచికిత్సల ఖర్చు భరించు ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1న మొదట ఆరంభమైన మూఁడు జిల్లాలలో శ్రీకాకుళ మొకటి. దాని పేరు తరువాత పలుమాఱులు మాఱినది. మీ కార్డు ఏ చికిత్సకు, ఏ ఆసుపత్రిలో చెల్లునో బయలుదేరుటకు ముందే తెలిసికొనుఁడు.

జబ్బు రాకుండ చేసికొనుట యన్నిటికంటె చవుక. కాలేయ క్యాన్సరునకు పెద్ద కారణములలో హెపటైటిస్ బి యను సూక్ష్మజీవి యొకటి. దానికి టీకా కలదు. హైదరాబాదు నగరమున వరప్రసాదరెడ్డిగారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో ఆ టీకాను స్వదేశమున తయారుచేసి, సామాన్యునకు అందు వెలకు తెచ్చినది. బిడ్డ పుట్టిన 24 గంటలలోపల మొదటి మోతాదు వేయింపవలెను. మనుమలు పుట్టినపుడు పెద్దలు అడుగవలసిన మాట యిది. సారాయి మానుట రెండవది. బూజుపట్టిన వేరుసెనగను తినక పాఱవేయుట మూఁడవది. ఆ బూజున పుట్టు విషము కాలేయమునకు చేటని 1960 తరువాతి పరిశోధనలు తేల్చినవి. హెపటైటిస్ బి యున్నవారును, కాలేయము గట్టిపడినవారును ఆఱునెలలకొకమాఱు అల్ట్రాసౌండు తీయించుకొన్నచో కణితి చిన్నదిగా నున్నపుడే దొరకును.

తుదకు, మీ యింటివానికి కాలేయమున కణితి యని చెప్పినపుడు వైద్యుని నాలుగు ప్రశ్నలడుగుఁడు. కణితికి నెత్తురు ఏ ధమనినుండి వచ్చుచున్నది? ఆ ధమని యథావిధిగా నున్నదా, దారిమాఱినదా? నిర్వాహక సిర తెఱచియున్నదా? మూత్రపిండములు రంగుమందును తాళఁగలవా? వానికి చెప్పిన జవాబులను కాగితముమీఁద వ్రాయించుకొని, స్కాను డిస్కుతోను, క్రియాటినిన్ రిపోర్టుతోను కలిపి ఒక్క సంచిలో నుంచుఁడు. టెక్కలి యాసుపత్రికి పోయినను, పలాసలో రైలెక్కి విశాఖకు పోయినను, ఆ సంచి రోగితోఁగూడ పోవలెను.